నాకు తెలియకుండానే కాపీ కొట్టాను. మళ్ళీ నా గీత నాకు ఎలా వస్తుంది?

బెజవాడ_కుంచె (విజయవాడ), సోమవారం రాత్రి 10:40

అందరికీ నమస్కారం. ఏడేళ్ళుగా ఫ్రీలాన్స్‌గా బొమ్మలు వేస్తున్నాను. పుస్తకాల అట్టలు, కథలకు బొమ్మలు, మధ్యమధ్యలో శుభలేఖలు, పచ్చళ్ళ సీసాల లేబుళ్ళు. పోయిన నెల జరిగిన ఒక విషయం మనసులోంచి పోవడం లేదు. అందుకే రాస్తున్నాను.

ఒక కథల పుస్తకానికి అట్ట వేశాను. కిటికీ దగ్గర అటు తిరిగి కూర్చున్న పెద్దావిడ. ఆమె జడలోంచి ఒక తీగ బయల్దేరి కిటికీ చువ్వలకు అల్లుకుంటుంది. రచయితకు నచ్చింది, పబ్లిషర్‌కి నచ్చింది. పుస్తకం వచ్చిన వారానికి ఒక పాఠకురాలు రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టి పంపారు. ఒకటి వేరే దేశపు ఆర్టిస్టుది, ఇంకొకటి నాది. కూర్చున్న తీరు, కిటికీ కోణం, చివరికి తీగ మలుపు కూడా ఒకటే. "చూసి వేశారా అండీ?" అని మర్యాదగానే అడిగారు. లేదని రాయబోయాను. ఎందుకో ఒకసారి నా పింటరెస్ట్ బోర్డు తెరిచి చూస్తే ఆ బొమ్మ అక్కడే ఉంది. రెండేళ్ళ కిందట నేనే సేవ్ చేసుకున్నాను. నాకు గుర్తే లేదు.

రచయితకూ పబ్లిషర్‌కూ ఫోన్ చేసి జరిగింది జరిగినట్టు చెప్పాను. రెండో ముద్రణకు డబ్బు తీసుకోకుండా అట్ట మార్చి ఇస్తానన్నాను. ఆ ఆర్టిస్టుకు క్షమాపణ చెబుతూ మెయిల్ పెట్టాను. కానీ ఆ రోజు నుంచి కాగితం ముందు కూర్చుంటే చెయ్యి కదలడం లేదు. ఏ గీత గీసినా "ఇది ఎక్కడ చూశాను?" అనే అనుమానం. చేతిలో మూడు పనులున్నాయి, గడువులు దగ్గర పడుతున్నాయి, టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఇలాంటిది మీలో ఎవరికైనా జరిగిందా? ఎలా బయటపడ్డారు?

వత్తు_గుడి_దీర్ఘం (హైదరాబాద్)

ముందుగా ఒక మాట అండీ. మీ అంతట మీరే ఫోన్ చేసి చెప్పారు చూశారా, ఆ పని చేసేవాళ్ళు మన ఫీల్డులో చాలా తక్కువ. దాన్ని చిన్నదిగా చూసుకోకండి.

నేను అక్షరాలు రాస్తాను. టైటిల్ లెటరింగ్, లోగోలు. నాకూ ఇలాంటిదే జరిగింది, కాకపోతే క్లయింట్ దాకా వెళ్ళకముందే నేనే పట్టుకున్నాను. ఆ తర్వాత ఒక నియమం పెట్టుకున్నాను. వస్తువు ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి ఎన్ని ఫొటోలైనా చూస్తాను. కిటికీ చువ్వ గోడలోకి ఎలా దిగుతుంది, జడ మూడు పాయలు ఒకదాని మీద ఒకటి ఎలా పడతాయి, ఇలాంటివి. బొమ్మను ఎలా కూర్చాలి అన్నదానికి మాత్రం ఇంకొకరు పూర్తి చేసిన బొమ్మను చూడను. ఫొటో మనకు ప్రశ్న ఇస్తుంది. ఇంకొకరి బొమ్మ జవాబు కూడా ఇచ్చేస్తుంది, మనకు తెలియకుండా ఆ జవాబే బుర్రలో ఉండిపోతుంది.

ఇంకోటి, ఫోన్ ముట్టుకోకముందే అగ్గిపెట్టె సైజులో ఇరవై గళ్ళు గీసి, ఇరవై రకాలుగా కూర్చి చూస్తాను. మొదటి ఐదారు ఎప్పుడూ ఎక్కడో చూసినవే అయి ఉంటాయి. పది దాటాక బుర్రలో సరుకు అయిపోతుంది, విసుగొస్తుంది. అక్కడ ఆగిపోకుండా ఉంటే పధ్నాలుగో గడి దగ్గరో పదహారో గడి దగ్గరో ఏదో ఒకటి తగులుతుంది.

ఫోకస్_హన్మకొండ (హన్మకొండ)

అక్కా, మీ బాధ అర్థమైంది. కానీ మా దాంట్లో కష్టం వేరే. నేను పెళ్ళి ఫొటోలు తీస్తాను. మా దగ్గరికి వచ్చేవాళ్ళు ముందే రీల్ చూపించి "అన్నా, సేమ్ ఇట్లనే కావాలె" అంటారు. అదే పొగ, అదే గొడుగు, అదే పరుగు. కాపీ కొట్టమని డబ్బులిచ్చి మరీ అడిగితే మనం ఏం చేయాలి? వద్దంటే పక్క స్టూడియోకి పోతారు. నెల తిరిగితే లెన్స్ ఈఎంఐ కట్టాలి.

బెజవాడ_కుంచె

తమ్ముడూ, అదీ నిజమే. పచ్చళ్ళ లేబుళ్ళకు వచ్చేవాళ్ళు కూడా ఇంకో కంపెనీ సీసా తెచ్చి టేబుల్ మీద పెడతారు. మొన్నటి వరకూ దాన్ని ముందు పెట్టుకునే పని మొదలుపెట్టేదాన్ని. ఇప్పుడు ఆ సీసా చూస్తేనే భయమేస్తోంది.

గోడరాతలు (రాజమహేంద్రవరం)

అమ్మాయ్, నాకు అరవై దగ్గర పడుతున్నాయి. కంప్యూటర్ రాకముందు గోడల మీదా బోర్డుల మీదా రాసినవాణ్ణి. ముగ్గుపిండి రాసిన దారాన్ని రెండు చివర్లా బిగించి, మధ్యలో లాగి వదిలితే గోడ మీద తిన్నగా గీత పడేది. ఎడమ చేతిలో ఒక కర్ర, దాని కొసకు గుడ్డ ఉండ. ఆ కర్ర మీద కుడి మణికట్టు ఆనించి ఎనామిల్‌తో అక్షరం లాగేవాళ్ళం. ఊపిరి బిగబట్టి ఒక్క లాగుడులో కొమ్ము దించాలి. మధ్యలో ఆగితే అతుకు కనబడుతుంది.

నీ సంగతి చదువుతుంటే నా మొదటి బోర్డుల్లో ఒకటి గుర్తొచ్చింది. తాపేశ్వరం వైపు ఒక మిఠాయి కొట్టు. మడత కాజా బొమ్మ వేయాలి. అప్పటికే రెండు మూడు కొట్ల బోర్డుల మీద కాజాలు చూసి ఉన్నాను, అదే బొమ్మ వేసేశాను. గోధుమరంగు దిండు, మీద తెల్లగా ఒక మెరుపు. కొట్టాయన బయటకొచ్చి చూసి ఏమీ అనలేదు. లోపలికెళ్ళి ఒక కాజా తెచ్చి చాకుతో అడ్డంగా కోసి నా అరచేతిలో పెట్టాడు. "మడతలు లెక్కపెట్టు" అన్నాడు. చూస్తే ఒక్కో పొరా కాగితంలా ఉంది. పొరకూ పొరకూ మధ్య పాకం నిలిచి వెలుతురుకు తేనెలా మెరుస్తోంది. అంచున వేగిన చోట రంగు ముదురు, లోపలికి వెళ్ళేకొద్దీ లేత. నేను వేసినదాంట్లో ఇవేమీ లేవు. ఎందుకంటే నేను కాజాను చూసి వేయలేదు, కాజా బోర్డును చూసి వేశాను.

రాత్రికి రాత్రి చెరిపేసి మళ్ళీ వేశాను. ఆ బోర్డు చూసి ఇంకో నాలుగు కొట్లవాళ్ళు నన్ను పిలిచారు.

హన్మకొండ తమ్ముడికి కూడా ఇదే చెబుతాను. క్లయింట్ రీల్ తెస్తే వద్దనక్కర్లేదు. అందులో వాళ్ళకు ఏం నచ్చిందో అడుగు. చాలాసార్లు వాళ్ళకు నచ్చింది పొగ కాదు, ఆ పిల్ల నవ్విన నవ్వు.

కరక్కాయ_రంగు (తిరుపతి)

గోడరాతలు బాబాయ్ గారూ, కాజా సంగతి చదివి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను.

నేను టెక్స్‌టైల్ డిజైనర్‌ని. చీరలకు, దుప్పట్లకు డిజైన్లు చేస్తాను. మొదట్లో "కలంకారి" అని వెతికి, దొరికిన నెమలి, తామర, తీగ వెక్టర్లు, అంటే కంప్యూటర్‌లో గీసిన రెడీమేడ్ బొమ్మలు, దించుకొని అటూ ఇటూ మార్చి అమ్మేదాన్ని. ఒకసారి శ్రీకాళహస్తిలో ఒక కళాకారిణి ఇంట్లో వారం రోజులు కూర్చున్నాక ఆ పని మానేశాను.

అక్కడ కలం అంటే చివర చెక్కిన వెదురు పుల్ల. దాని మొనకు కాస్త పైన ఉన్ని చుట్టి దారంతో కడతారు. రంగులో ముంచితే ఆ ఉండ పీల్చుకుంటుంది. గీసేటప్పుడు వేళ్ళతో దాన్ని ఎంత నొక్కితే అంత రంగు మొనకు దిగుతుంది. అంటే గీత లావు, సన్నం మొత్తం ఆవిడ వేళ్ళ నొక్కుడులో ఉంది. కరక్కాయ, పాలు పట్టించిన గుడ్డ మీద గీస్తారు. ఇనుప ముక్కలూ బెల్లమూ నీళ్ళలో రోజుల తరబడి పులియబెట్టి నలుపు చేస్తారు. ఆ నీళ్ళు గుడ్డలోని కరక్కాయకు తగలగానే గీత నల్లబడుతుంది. నేను దించుకున్న వెక్టర్లలో గీత ఎక్కడ చూసినా ఒకే లావు. ఆ తేడా కళ్ళారా చూశాక నా డిజైన్లు నాకే చప్పగా అనిపించాయి.

కుంచె గారూ, మీకు నేను చెప్పేది ఒకటే. కాపీ చేయడమే తప్పని అనుకోకండి. ఆ ఇంట్లో పిల్లలు అమ్మ గీసిన నెమలినే వందసార్లు గీసి నేర్చుకుంటున్నారు. కానీ అమ్మ దగ్గర నేర్చుకున్నామని అందరికీ చెబుతారు. ఎవరి దగ్గర తీసుకున్నామో చెప్పుకోలేని పరిస్థితి వచ్చినప్పుడే ఇబ్బంది మొదలవుతుంది.

కొత్తగీత (విశాఖపట్నం)

నేను ఫైన్ ఆర్ట్స్ చివరి సంవత్సరం. ఇక్కడ అందరూ పెద్దవాళ్ళు కాబట్టి అడుగుతున్నాను. శుభలేఖల పనులకు వెళితే అందరూ "బాపు బొమ్మలా వెయ్యి" అంటారు. వేస్తే అది నాది కాదు. వేయకపోతే పని రాదు. ఈ మధ్య అయితే ఏఐలో తామే చేసుకొని వచ్చి "దీన్ని కొంచెం సరిచేసి ఇవ్వు, ఐదొందలిస్తాం" అంటున్నారు. అసలు మాలాంటివాళ్ళకు సొంత శైలి అనేది రావడానికి చోటు ఉందా?

వత్తు_గుడి_దీర్ఘం

తమ్ముడూ, బాపు గారి గీత మీద నాకు చెప్పలేనంత ప్రేమ. నేను అక్షరాల వైపు వచ్చిందే ఆయన చేతిరాత చూసి. అందుకే ఒక మాట గట్టిగా చెబుతాను. ఆయన గీత మనకు కళ్ళు, జడ, నడుము వంపుగా మాత్రమే కనబడుతుంది. ఆ కొద్ది గీతలకు కుదించడానికి ఆయన ఎంత చూసి ఉంటారో, ఎన్ని గీతలు తీసేసి ఉంటారో అది మనకు కనబడదు. మనం చివరి ఫలితాన్ని ఎత్తుకొస్తే ఆయన వదిలేసినవేమిటో మనకు ఎప్పటికీ తెలియదు. బాపు బొమ్మలు నోట్‌బుక్‌లో రోజూ గీయి, చెయ్యి తిరుగుతుంది. శుభలేఖకు మాత్రం పెళ్ళికూతురు ఫొటో అడుగు, వాళ్ళ నాయనమ్మ కట్టుకున్న చీర అంచు అడుగు. "బాపు బొమ్మలా" అంటే వాళ్ళ ఉద్దేశం చాలావరకు "తెలుగుదనం కనబడాలి" అనే. దాన్ని ఇంకో దారిలో ఇవ్వొచ్చు.

డల్లాస్_డిజైనర్ (అమెరికా)

ఏఐ గురించి నా అనుభవం చెబుతాను. నేను పన్నెండేళ్ళుగా ఇక్కడ ఫ్రీలాన్స్ మోషన్ గ్రాఫిక్స్ చేస్తున్నాను. 2025 మార్చిలో అందరూ తమ ఫొటోలను జపాన్ యానిమేషన్ బొమ్మల్లా మార్చుకున్నారు గుర్తుందా? ఆ వారంలో నాకు రావాల్సిన రెండు చిన్న పనులు ఆగిపోయాయి. భయపడ్డాను, అబద్ధం చెప్పను.

అప్పుడే ఇక్కడి మన తెలుగువాళ్ళ ఉగాది కార్యక్రమానికి పోస్టర్ చేయాల్సి వచ్చింది. అంతకుముందు ఐదేళ్ళూ నేను చేసినవి తిరగేసి చూశాను. కలశం, మామిడాకులు, పచ్చడి గిన్నె, వెనక పసుపు. ఏఐని అడిగినా సరిగ్గా అవే ఇచ్చింది. అప్పుడు అర్థమైంది. ఇన్నాళ్ళూ నేను చేస్తున్నది కూడా అదే పని, కాకపోతే నెమ్మదిగా.

ఆ సాయంత్రం ఫ్రీజర్ తెరిస్తే ఒక జిప్ కవరు కనబడింది. మా అమ్మ వచ్చినప్పుడు తెచ్చిన ఎండు వేపపువ్వు. కవరు మీద మార్కర్‌తో ఆమె రాత: "వే.పువ్వు, ఉగాదికి, పారేయకు". పక్కన ఐస్‌క్రీమ్ డబ్బా, బఠాణీల సంచి. దాన్ని ఉన్నదున్నట్టు బొమ్మ వేసి పోస్టర్ చేశాను. కవరు మీద పేరుకున్న మంచు, ఆ రాత, అంతే. కలశం లేదు. కార్యక్రమం రోజు చాలామంది నా దగ్గరికొచ్చి "మా ఫ్రీజర్‌లోనూ ఉంది" అన్నారు. ఒక పెద్దాయన ఆ పోస్టర్ అడిగి ఇంటికి పట్టుకెళ్ళారు.

కొత్తగీత తమ్ముడూ, మీ ఇంటి ఫ్రీజర్‌లో ఏముందో ఏ యంత్రానికీ తెలియదు. ఐదొందల పనులు కావాలంటే చెయ్యి, అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. కానీ నీ పోర్ట్‌ఫోలియోలో వాటిని పెట్టకు.

ఫోకస్_హన్మకొండ

ఇవన్నీ చదవడానికి బాగున్నాయి అన్నా. కానీ మూడు రోజుల్లో అట్ట కావాలంటే బయటికి పోయి అన్నీ చూసుకుంట బొమ్మలు గీసేదెప్పుడు? చూడ్డానికి టైం కావాలె, టైం అంటే డబ్బు.

గోడరాతలు

సరైన ప్రశ్న. దానికి నా దగ్గర ఉన్న జవాబు ఇది. చూడడం పని వచ్చాక మొదలుపెడితే ఎప్పటికీ టైం సరిపోదు. పని లేనప్పుడు చూసి పెట్టుకోవాలి. మా ఊళ్ళో దామెర్ల రామారావు గారి పేరుతో ఆర్ట్ గ్యాలరీ ఉంది. ఆయన 1897లో పుట్టి 1925లో పోయారు, ఇరవై ఎనిమిది నిండలేదు. బొంబాయి జె.జె. స్కూల్లో చదువుకొని వచ్చి ఇక్కడి గోదావరినీ, ఇక్కడి ఆడవాళ్ళ కట్టూబొట్టునూ వేశారు. నాకు పని దొరకని రోజుల్లో అక్కడికెళ్ళి ఒక్క బొమ్మ ముందే గంట నిలబడేవాణ్ణి. తర్వాత బయటికొచ్చి రేవుకి వెళ్ళి, ఆయన చూసిన నీళ్ళనే నేనూ చూసేవాణ్ణి. ఫ్లెక్సీలు వచ్చి నా చేతిపని పోయాక నలభై ఏళ్ళ వయసులో కంప్యూటర్‌లో బొమ్మలు వేసే కోరల్‌డ్రా నేర్చుకున్నాను. అప్పుడు నన్ను కాపాడింది ఆ చూసి పెట్టుకున్న సరుకే.

ఫోకస్_హన్మకొండ

బాబాయ్, మీరన్నది కరెక్టే. మాకు మూఢం వచ్చినా ఆషాఢం వచ్చినా ముహూర్తాలుండవు, పనీ ఉండదు. ఆ రోజుల్లో ఇంట్లో కూర్చొని రీల్స్ చూస్తూ ఇంకా డల్ అయిపోతా. పోయిన ఆషాఢంలో మాత్రం ఒక పని చేశా, ఇప్పుడు గుర్తొచ్చింది. ఒక్క 50 ఎంఎం లెన్స్ వేసుకొని రామప్ప గుడికి నాలుగు రోజులు పోయిన. జూమ్ లేదు కాబట్టి దగ్గరికి పోవాలంటే నడవాల్సిందే. పొద్దున ఏడింటికి మదనికల బొమ్మల మీద ఎండ పక్క నుంచి పడితే నల్లరాయి మీద మెడలో హారం నీడ కూడా విడిగా కనబడుతది. పదకొండుకల్లా ఆ నీడ ఉండదు, బొమ్మ చదునైపోతది. శ్రావణంలో మొదటి పెళ్ళికి పోయినప్పుడు నేను లైట్లు వేయమనలే. పెళ్ళికూతుర్ని కిటికీకి పక్కగా కూర్చోబెట్టి తీసిన. ఆ ఫొటోతోనే తర్వాత మూడు పెళ్ళిళ్ళు వచ్చినయి. రామప్ప వల్లనే అని ఇప్పటిదాకా నాకు తట్టలే.

కరక్కాయ_రంగు

అలాగే లేపాక్షికి కూడా ఒకసారి వెళ్ళండి ఎవరికైనా వీలైతే. లతా మండపంలో ఒక్కో స్తంభం మీద ఒక్కో రకం తీగ చెక్కారు. చీర అంచుల మీద వాటిని చాలామంది వాడారు. నేను మాత్రం పైకప్పు చిత్రాల్లోని మగవాళ్ళ నిలువు టోపీలు చూసి, ఆ ఆకారాన్ని ఒక దుప్పటి అంచుకు తీసుకున్నాను. కింద "లేపాక్షి చిత్రాల నుంచి" అని ట్యాగ్ మీద రాయించాను. హైదరాబాద్ వాళ్ళకు సాలార్‌జంగ్ మ్యూజియం ఉంది. శుక్రవారం సెలవు, అది గుర్తుంచుకోండి.

నిర్వాహకుడు

చర్చ బాగా నడుస్తోంది. ఇద్దరు ముగ్గురు విడిగా మెసేజ్ పెట్టి హక్కుల గురించి అడిగారు. తెలిసినవారు చెప్పగలరా?

వత్తు_గుడి_దీర్ఘం

నేను లాయర్‌ని కాదు, కానీ దెబ్బ తిన్నాక చదువుకున్నాను. మన 1957 కాపీరైట్ చట్టం ఆలోచనను కాపాడదు, ఆ ఆలోచనను వ్యక్తం చేసిన రూపాన్ని కాపాడుతుంది. 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో సుప్రీంకోర్టు ఈ తేడా వివరంగా చెప్పింది. కిటికీ దగ్గర పెద్దావిడ అన్న ఆలోచన ఎవరి సొత్తూ కాదు. ఆ కోణం, ఆ తీగ మలుపు కలిసి ఒకే బొమ్మ అనిపిస్తే అది వేరే సంగతి.

ఫ్రీలాన్సర్లు తప్పక చూడాల్సినవి ఇవి. ఎవరైనా డబ్బిచ్చి ఫొటో తీయించుకున్నా, పెయింటింగ్ వేయించుకున్నా, వేరే ఒప్పందం లేకపోతే 17వ సెక్షన్ ప్రకారం మొదటి హక్కు చేయించుకున్నవారిది. ఫోకస్ తమ్ముడు దీన్ని జాగ్రత్తగా చదవాలి. హక్కులు రాసిచ్చే కాగితంలో గడువు లేకపోతే ఐదేళ్ళని, ప్రాంతం లేకపోతే భారతదేశం వరకేనని 19వ సెక్షన్ చెబుతుంది. హక్కులు అమ్మేసినా ఈ బొమ్మ వేసింది నేనే అని చెప్పుకునే హక్కు 57వ సెక్షన్ కింద మనకు ఉంటుంది. అందుకే పని మొదలుకాకముందే ఒక్క పేజీ ఒప్పందం రాసుకోండి. వాట్సాప్‌లో "ఓకే" అన్నదాని మీద పని మొదలుపెట్టకండి.

బెజవాడ_కుంచె, పన్నెండు రోజుల తర్వాత

అందరికీ పేరుపేరునా థాంక్స్. మీరు చెప్పినవి చేసి చూసి రాద్దామని ఇన్ని రోజులు ఆగాను.

ముందు ఫోన్లోంచి పింటరెస్ట్ తీసేశాను. మొదటి మూడు రోజులు చాలా కష్టమైంది, చెయ్యి దానంతట అదే అక్కడికి వెళ్ళేది. ఇరవై గళ్ళ పద్ధతి మొదటిసారి చేస్తే తొమ్మిదో గడి దగ్గరే ఏడుపొచ్చింది. అన్నిట్లోనూ ఆ పెద్దావిడే, ఆ వీపే.

గోడరాతలు బాబాయ్ గారి కాజా గుర్తొచ్చి, మా అమ్మమ్మ ఊరు వెళ్ళాను. కిటికీ దగ్గర కూర్చున్న పెద్దావిడను వేశాను కదా, అసలు నాకు తెలిసిన పెద్దావిడ కిటికీ దగ్గర ఎలా కూర్చుంటుందో చూద్దామని. మూడు రోజులున్నాను. ఆవిడ ఒక్కసారి కూడా కిటికీ దగ్గర కూర్చోలేదు. అరుగు మీద కూర్చుంటుంది, పీట మీద కూర్చుంటుంది, గుమ్మంలో బియ్యం ఏరుతుంది. కిటికీ ఆవిడకు కూర్చునే చోటు కాదు, వస్తువులు పెట్టుకునే చోటు. చువ్వకు గుచ్చిన రెండు పిన్నీసులు, మందుబిళ్ళల అట్ట, కుంకుమ భరిణె. పై చువ్వకు కొక్కెంలా వంచిన తీగ, దానికి వేలాడుతూ సవరం.

సవరం నేను చిన్నప్పటి నుంచి చూస్తూనే ఉన్నాను. ఎప్పుడూ బొమ్మ వేయలేదు. ఆవిడ జుట్టు ఇప్పుడు వేలెడంతే ఉంది. పొద్దున్నే స్నానం చేసొచ్చి, సవరం తీసి, పైన నల్లదారం చుట్టిన ముడిని దులిపి, రెండు నిమిషాల్లో జుట్టులో కలిపేసుకుంటుంది. సవరం జుట్టు ఇంకా నల్లగా ఉంది, ఆవిడది తెల్లబడింది. ముడి వేశాక రెండు రంగులూ చుట్టలా కలుస్తాయి. "ఇది మీ తాతయ్య ఉన్నప్పటి నా జుట్టే, రాలినదంతా దాచి కట్టించాను" అంది. ముప్పై నాలుగేళ్ళలో ఈ సంగతి నాకెప్పుడూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

రెండో ముద్రణ అట్ట అదే. ఖాళీ కిటికీ, చువ్వకు వేలాడుతున్న నల్లటి సవరం, పక్కన పిన్నీసులు. మనిషి లేదు. ఫొటో తీయలేదు, అక్కడే కూర్చొని పెన్సిల్‌తో పదకొండుసార్లు గీశాను. రచయితకు పంపితే కాసేపు జవాబు రాలేదు. తర్వాత ఫోన్ చేసి, "మా అమ్మది కూడా ఇలాగే వేలాడుతుండేది. ఆమె పోయాక చాలా రోజులు ఎవరం తీయలేదు" అన్నారు.

మిగతా రెండు పనులకూ ఒక్కో వారం గడువు అడిగాను. ఒకరు ఇచ్చారు, ఒకరు పని వెనక్కి తీసుకున్నారు. ఈ నెల డబ్బు కాస్త ఇబ్బందే, కానీ చెయ్యి కదులుతోంది.

గోడరాతలు

అమ్మాయ్, ఆ పదకొండు పెన్సిల్ బొమ్మలూ దాచిపెట్టు. ఎవరికీ ఇవ్వకు.

కొత్తగీత

అక్కా, నేనూ మొదలుపెట్టాను. మా నాన్న ఫిషింగ్ హార్బర్‌లో వల బాగు చేస్తారు. ఇన్నాళ్ళూ బీచ్‌లో సూర్యోదయాలు వేశాను గానీ ఆయన వల కుట్టే పుల్ల ఎలా ఉంటుందో సరిగ్గా చూడలేదు. నిన్న నాలుగు పేజీలు గీశాను. దారం పుల్ల మీద ఎలా చుడతారో ఇంకా అంతు పట్టలేదు, రేపు మళ్ళీ వెళ్తాను.

వత్తు_గుడి_దీర్ఘం

కుంచె గారూ, ఆ అట్ట మీద టైటిల్ ఎక్కడ వస్తుంది? సవరం అలా నిలువుగా వేలాడుతుంటే టైటిల్‌ని పైన అడ్డంగా పెడితే బొమ్మను నొక్కేస్తుంది. పుస్తకం పేరులో కింద వత్తులు ఎన్ని ఉన్నాయో చెప్పండి, వాటికి చోటు వదలాలి. మీకు అభ్యంతరం లేకపోతే అక్షరాలు నేను రాసిస్తాను. అట్ట వెనక ఇద్దరి పేర్లూ వేయించండి చాలు. పెన్సిల్ స్కెచ్ ఒకటి స్కాన్ చేసి పంపండి, ఇవాళ రాత్రే కూర్చుంటాను.

బెజవాడ_కుంచె

మూడు వత్తులండీ, అందులో ఒకటి క్రావడి. ఇప్పుడే స్కాన్ చేస్తున్నాను.